మా అత్త పోసిన దొప్ప దగ్గర ఆగిపోయిన పుస్తకం

ఆ రోజు పొద్దున్న మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. చలికాలం. మా హుకుంపేట వైపు కొండల్లో ఎండ పొడిచేసరికే బడి వేళ దాటిపోతుంది. చేతులు కొంకర్లు పోయాయనుకుని నేనే పెట్టాను. పెడుతుంటే చూశాను, మెడంతా చెమట. ఈ చలిలో చెమటేమిటని అడిగితే విసుక్కుని పెరట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి చేతుల వణుకు ఆగిపోయింది, నోటినుంచి బ్రాందీ వాసన. తాగితే వణకాల్సిన మనిషి తాగకపోతే వణుకుతున్నాడని ఆ పూటే నాకు తెలిసింది. తెలిసీ క్యారేజీ కట్టి బడికి పంపాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

నా పేరు దేవుడమ్మ. ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతాను. మా ఆయన బాలన్న పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టరు. మా కొండల్లో తాగనివాణ్ణి దీపం పెట్టి వెతుక్కోవాలి. తెల్లారితే, తాడిచెట్టులా కల్లు గీసే జీలుగు చెట్టు కింద అందరూ వరసగా కూర్చుంటారు, ఆకుదొప్పలో కల్లు చేతులు మారుతుంది. ఆడవాళ్లమూ తాగుతాం. బాలింతకి బలమని పోస్తారు. పోయిన పెద్దలకి నాలుగు చుక్కలు నేల మీద వదిలాకే మనం తాగుతాం. దాన్ని తాగుడని మాలో ఎవరూ అనరు, అది తిండి. మా ఆయన కూడా ఆ వరసలోనే మొదలుపెట్టి, అది చాలక షాపు సీసాకి వెళ్లి, ఆఖరికి ఎవరికీ కనపడకుండా ఒక్కడే తాగే దాకా వచ్చాడు.

కొన్నాళ్లకి కళ్లు పచ్చబడ్డాయి. కాళ్లు నీరు పట్టి చెప్పులు ఎక్కడం మానేశాయి. పాడేరులో లివర్ పరీక్ష కోసం రక్తం తీసి ఎల్‌ఎఫ్‌టీ చేశారు. డాక్టరు గారు కాగితం చూసి, ముందు ఆయన్ని బయట కూర్చోబెట్టమని, "లివర్ సిరోసిస్‌లోకి వెళ్లిందమ్మా. ఇక ఆల్కహాల్ ఒక్క చుక్క కూడా ముట్టకూడదు" అన్నారు. విశాఖ తీసుకెళ్లమన్నారు.

విశాఖ ఆసుపత్రిలో తాగుడు ఆగిన రెండోరోజుకి ఆయన నన్ను గుర్తుపట్టలేదు. దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుతూనే ఉన్నాడు. సెలైన్ పీకేస్తుంటే చేతులు మంచానికి కట్టారు. విత్‌డ్రాయల్ అమ్మా, తగ్గిపోతుంది అని నర్సు చెబుతూనే ఉంది. ఆయన మాత్రం నన్ను టీచరమ్మా అని పిలిచి, కట్లు విప్పితే బుద్ధిగా ఉంటానని బతిమాలాడు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. నేనేమో బాత్రూంకి కూడా పరిగెత్తి పరిగెత్తి వచ్చేదాన్ని. కట్టింది ఆయన్నయినా కదలలేనిది నేనేనని అనిపించేది.

తెలివి వచ్చి తెరిపిన పడ్డాక డీఅడిక్షన్ వార్డుకి మార్చారు. అక్కడి కౌన్సిలరు మేడం రోజూ ఒక కాగితం ఇచ్చి, తాగాలనిపించినప్పుడు ఏమవుతుందో రాయమనేది. మాస్టరు కదా, రాత ఆయనకి నల్లేరు మీద నడక. మిగతా పేషెంట్లు చుట్టూ చేరి చదివించుకునేవారు. విశాఖలో చిన్న ప్రచురణ సంస్థ నడిపే ఒకావిడ తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చి అవి విన్నది. పూర్తిగా రాసివ్వండి, పుస్తకం వేస్తానంది. పెళ్లయ్యాక మా ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడటం అదే మొదలు.

ఇంటికొచ్చాం. అత్తకి అంతా చెప్పాను. ఆల్కహాల్ ముట్టకూడదట, సీసా ఇంట్లోకి రాకూడదు అని. అత్త బుద్ధిగా తలూపింది. ఇల్లంతా గాలించి దొరికిన సీసాలన్నీ తనే గెడ్డ వాగులో పారేసి వచ్చింది. తర్వాత చిక్కి శల్యమైపోయిన కొడుకుని చూసి, నేను అంగన్‌వాడీకి వెళ్లిన పూట, అప్పుడే దింపిన జీలుగు కల్లు దొప్పలో పోసి ఇచ్చింది. బలం కోసమని. ఆవిడ లెక్కలో అది ఆల్కహాల్ కాదు కదా, చెట్టు ఇచ్చిన పాలు. ఆయన వద్దనలేదు. ఎందుకు వద్దనలేదో ఆయనకే తెలియాలి.

ఆ దొప్పతో ఆగితే ఈ కథ లేదు. రోజూ దొప్ప, ఆ పైన మళ్లీ సీసా. నేను కనిపెట్టేలోపే ఒక మధ్యాహ్నం వాకిట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నెత్తురు కక్కుకున్నాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో నూటెనిమిది బండిలో ఆయన తల ఒళ్లో పెట్టుకుని నేను మొక్కని దేవుడు లేడు. ఎండోస్కోపీ చేసి, ఆహారనాళంలో రక్తనాళాలు ఉబ్బి పగిలాయని, నెత్తురు ఆగేలా బ్యాండింగ్ వేశారు. "ఈసారికి దక్కాడు. మళ్లీ తాగితే నా దగ్గరికి తెచ్చేలోపే పోతాడు" అని స్పెషలిస్టు నా కళ్లలోకి చూసి చెప్పారు.

దొప్ప సంగతి ఆయన ఆసుపత్రిలోనే నాకు చెప్పాడు. అత్తకి ఏం చెప్పాలి? కడుపులో పాత పుండు పగిలిందని చెప్పాం. ఇద్దరం బస్సులోనే మాట అనుకున్నాం. నిజం తెలిస్తే ఆవిడ బతకదని మా భయం.

తర్వాత పుస్తకం మొదలుపెట్టాడు. అసలు నరకం అప్పుడు చూశాను. కల్లు రుచి గురించి రాయాలంటే ఆ రుచి నోట్లోకి రావాలి. రాసి రాసి లేచేవాడు, పెదాలు తడుపుకుంటూ గుమ్మం దాకా వెళ్లేవాడు. గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా మా జీలుగు చెట్టే. పోయిన మా మామ పెంచిన చెట్టు, పెద్దకొడుకుగా ఈయనకి వచ్చింది. కొట్టేద్దామంటే ఊరు ఒప్పుకోదు, ఈయన మనసూ ఒప్పుకోదు. ఆ చెట్టు పక్కనుంచి పోకుండా ఊరు దాటే దారి లేదు. ఆయన్ని వదిలి నేను పుట్టింటికి వెళ్లి ఒక్క రాత్రి ఉండి ఎన్నాళ్లయిందో. ఒకరోజు కోపం పట్టలేక, ఆ కాగితాలు పొయ్యిలో పెడతానన్నాను.

"రాస్తే తాగాలనిపిస్తంది దేవుడమ్మా. రాయకపోతే తాగేస్తాను. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు.

కౌన్సిలరు మేడంకి ఫోన్ చేశాను. ఒంటరిగా రాయనివ్వొద్దు, రాసింది ఏ రోజుకారోజు ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించమనండి అంది. అలా సాయంత్రాలు చదవడం మొదలైంది. కాఫీ గింజలు వాకిట్లో ఆరబోసిన రోజులు. అత్త గింజలు తిరగేస్తూ వినేది. ఆసుపత్రి చీమల దగ్గర నవ్వింది, చేతులు కట్టిన దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికి తిరిగొచ్చిన ఘట్టం దగ్గర రాత ఆగిపోయింది. ఆ దొప్ప రాయకపోతే పుస్తకమంతా అబద్ధం. రాస్తే అమ్మ వింటుంది. వారాల తరబడి కాగితం ముందు ఊరికే కూర్చునేవాడు. ఆఖరికి ఆ ముక్క వదిలేసి, ఇంటికొచ్చిన రోజు నుంచి నేరుగా ఎండోస్కోపీకి గెంతి రాసి, ఆ సాయంత్రం చదివాడు.

అత్త గింజలు తిరగెయ్యడం ఆపింది.

"నాను పోసిన కల్లు ఏదిరా? అది రాయనేదేటి?"

పుండు వల్లనే కదత్తా అని నేను అందుకోబోయాను.

"పుండూ నేదు, ఏటీ నేదు. నా దొప్ప తాగినాకే గదా ఆడు మళ్లీ సీసా పట్టినాడు. నాకు అగుపడనేదా? మీరు దాసినారు, మీ కోసరం నానూ ఊరుకున్నాను." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "రాయి. నా పేరెట్టి రాయి. ఇంకో తల్లి పొయ్యకుండా ఉంటాది."

ముగ్గురం ఒక ఇంట్లో ఉండి ఒకరి దగ్గర ఒకరం ఇన్నాళ్లూ దాక్కున్నాం. ఆ సాయంత్రం తల్లీకొడుకులు ఏడుస్తుంటే నేను ఆపలేదు. మర్నాడు ఆ అధ్యాయం రాసేశాడు, అత్త పక్కనే కూర్చుని ఏ ఆకుతో దొప్ప కుట్టిందో కూడా చెప్పింది.

పుస్తకం ఇప్పుడు విశాఖలో అచ్చులో ఉంది. చివర గెలిచినట్టు రాయమని ప్రచురణకర్త అడిగారు, ఈయన ఒప్పుకోలేదు. గెలవలేదు కాబట్టి. చెట్టుకి మళ్లీ కుండ కట్టారు, పొద్దున్నే తీపి వాసన ఇంట్లోకి వస్తుంది, ఈయన తలుపు వేసుకుని కూర్చుంటాడు. నేను ఇప్పటికీ పుట్టింటికి వెళ్లలేదు. మొన్న, కొత్త కొర్రలు వండుకునే కొర్ర కొత్త పండగకి ఇంటి పెద్దకొడుకే పోయిన పెద్దలకి కల్లు నేల మీద వదిలి, నాలిక్కి తగిలించుకోవాలి. అత్త ఊరందరి ముందు ఈయన చేతిలోంచి దొప్ప లాక్కుని, మంచినీళ్లు పోసి ఇచ్చింది. ఊరి పెద్దలు గొణిగారు.

"పైనున్నోడు నా మొగుడు. ఆడికి నాను సెప్పుకుంటాను" అంది.

నా అనుభవంలోంచి ఒక్క మాట. డాక్టరు గదిలోకి పేషెంటుతో మీరొక్కరే వెళ్లకండి. ఇంట్లో వండి పెట్టేవాళ్లని, ముఖ్యంగా ఆయన తల్లిని, వెంట తీసుకెళ్లండి. ఆల్కహాల్ వద్దు అన్నదగ్గర ఆగిపోకుండా, మీ ఊళ్లో తాగే వాటన్నిటి పేర్లూ, కల్లు కూడా, డాక్టరుకి చెప్పి ఆవిడ వింటుండగా ఇది వద్దా, ఇది వద్దా అని ఒక్కొక్కటే అడగండి. మేము అడగలేదు.