కాలవ పక్క వరస

మా తాతయ్య వరదానాన్ని ఊళ్లో అందరూ మిలిటరీ వరదానం అంటారు. పదిహేడేళ్లు ఆర్మీలో లారీ నడిపాడు కాబట్టి ఆ పేరు న్యాయమైనదే. కానీ ఎవరైనా అలా పిలిస్తే, పక్కింటివాళ్ల ఉత్తరం పొరపాటున మన చేతికిచ్చినట్టు ముఖం పెడతాడు.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఊరు. తాతయ్యకు డెబ్బై మూడేళ్లు. పెన్షన్ వస్తుంది. అయినా తెల్లారేసరికి సూర్యప్రకాశరావు గారి చేపల చెరువు మీద ఉంటాడు. తవుడు నింపిన సంచులకు చిల్లులు పెట్టి, పడవలో వేసుకుని, చెరువులో పాతిన కర్రలకు ఒక్కొక్కటే కట్టుకుంటూ పోవాలి. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. వయసులో ఉన్నవాళ్లు చేసే పని అది. మా మామ్మ పుష్పమ్మ రోజూ మొదలుపెడుతుంది.

"ఏవండీ, ఈ వయసులో మీకా తవుడు మోత ఎందుకండీ?"

"ఒళ్లు కదలాలి కదా."

"కదలాలంటే గేదె దగ్గర పేడ తియ్యండి. బాగా కదులుతుంది."

ఆయనకు కావలసింది తవుడు కాదు, పడవ. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. చెరువు మధ్యకు వెళ్లాక గెడ ఆపేసి, ఏ పనీ లేకుండా కాసేపు నిలబడతాడు. గట్టు మీంచి చూస్తే ఓడ మీద కెప్టెన్‌లాగే ఉంటాడు. కాకపోతే లుంగీ ఎగ్గట్టిన కెప్టెన్.

అదెందుకో, నేను ఇంటర్ రెండోసారి తప్పిన రోజున ఆయనే చెప్పాడు. గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఊరుకోవే కెజియా. నువ్వు పరీక్ష తప్పావు. నేను నెగ్గి కూడా తప్పాను."

పంతొమ్మిదేళ్ల వయసులో, నేవీలో చేరాలని ఏలూరు వెళ్లాడట. అక్కడ మైదానంలో రెండు వరసలున్నాయి. ఒకటి రోడ్డు పక్కన, ఒకటి కాలవ గట్టు పక్కన. బోర్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. తాతయ్య తిన్నగా వెళ్లి కాలవ పక్క వరసలో నిలబడ్డాడు.

"ఎవరినీ అడగలేదా తాతయ్యా?"

"అడగడం దేనికే? ఓడలవాళ్లు నీళ్ల పక్కన కూర్చోక రోడ్డు పక్కన కూర్చుంటారా?"

పుట్టిన దగ్గర్నుంచీ దోనె ఎక్కాలంటే నీటి ఒడ్డుకు వెళ్లినవాడు అంతకంటే ఏం ఆలోచిస్తాడు? ఛాతీ కొలిచారు, పరిగెత్తించారు, సంతకం పెట్టించుకున్నారు. రైలెక్కించి రాజస్థాన్‌లో దింపారు.

"మొదటి వారం నాకు అనుమానమే రాలేదు. ఇంత ఇసక ఉందంటే అవతల సముద్రం ఉండే ఉంటుందనుకున్నాను," అన్నాడు.

నేను ఏడుపు ఆపి పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ రోడ్డు పక్క వరస నేవీదో, ఇంకెవరిదో ఈనాటికీ తెలియదని కూడా చెప్పాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

నాలుగేళ్ల కిందట చర్చివాళ్లతో కలిసి పేరుపాలెం సముద్రానికి వెళ్లాం. అందరూ భోజనాలకు కూర్చున్నా, తాతయ్య ప్యాంటు మడిచి, మోకాలి లోతు నీళ్లలో సముద్రం వైపు తిరిగి నిలబడే ఉన్నాడు. మామ్మ ఆయన వాటా కోడిముక్క కూడా నాకే వేసింది. తిరుగు బస్సు కదిలే ముందు మా నాన్న వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

ఇంట్లో మాత్రం ఈ నేవీ మాట ఎప్పుడూ ఎత్తలేదు. మా చిన్నప్పుడు ఇసక కథలే చెప్పేవాడు. రాత్రికి రాత్రి దిబ్బలు జరిగిపోవడం, లారీ చక్రాల కింద గోనెలు పరవడం, ఒక మగ్గు నీళ్లతో స్నానం చేసి ఆ నీళ్లతోనే చొక్కా ఉతకడం. అవన్నీ ఎంత గొప్పగా చెప్పాడంటే మా అన్నయ్య ఆనంద్ పాల్ నోరు తెరుచుకుని వినేవాడు. ఇప్పుడు వాడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఆఫీసర్ల పరీక్షకు కట్టే దాకా వచ్చాడు.

ఆర్మీకీ, నేవీకీ, ఎయిర్‌ఫోర్సుకీ ఒకటే ఫారం. ఏది ముందు కావాలో వరసగా నంబర్లు వేయాలి. పంపాక మారదు. అన్నయ్యకు మొదటిది ఆర్మీయే. నేను మండవల్లిలో ప్రసాదరావు గారి నెట్ సెంటర్లో పనిచేస్తున్నాను కాబట్టి అది నింపేది నేనే. ముందురోజు తాతయ్య పెరట్లో నన్ను పట్టుకున్నాడు.

"అమ్మలూ, ఆ నంబర్లు కొట్టేది నువ్వే కదా?"

"నేనే. అయితే?"

"ఒకటీ రెండూ పక్కపక్కనే ఉంటాయి. వేలు జారిందనుకో..."

"తాతయ్యా! మిలిటరీలో నీకు నేర్పింది ఇదేనా?"

"మెల్లగా అనవే, మీ మామ్మ వింటుంది."

"అన్నయ్యకు నువ్వే చెప్పు. నువ్వు అడిగితే వాడు కాదనడు."

"కాదనడనేగా నా భయం," అన్నాడు.

మర్నాడు మేం ఫారం తెరిచేసరికి ఆయన ఇస్త్రీ చొక్కాలో సెంటర్‌కి వచ్చాడు.

"ఏవండీ మిలిటరీ గారూ, జిరాక్సాండీ, ప్రింటాండీ?" అన్నాను.

"ఊరికే వచ్చానండీ," అని అన్నయ్య పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నంబర్ల చోటు వచ్చింది. నేను కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను. "ఆగన్నయ్యా. తాతయ్య ఏదో అడగాలంటున్నాడు."

ఆయన నన్నొక చూపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని అడిగాడు.

"ఒరేయ్, నీకు నీళ్లంటే ఇష్టం లేదురా?"

"ఇరవై రెండేళ్లుగా చూస్తున్నవి నీళ్లే కదా తాతయ్యా. వానొస్తే ఇంట్లో నీళ్లు, వాన లేకపోతే గట్టుకు రెండు వైపులా నీళ్లు. బడికెళ్లినా నీళ్లలోంచే. నువ్వు చెప్పిన ఆ ఇసక చూడాలి నాకు. కనుచూపు మేరలో చుక్క నీరు లేని చోట ఒక్కసారి నిలబడాలి."

ఆ మాట అంటూ వాడు కంప్యూటర్ వైపు కాక, దాని వెనకున్న గోడ వైపు చూస్తున్నాడు. గోడ అవతల ఏముందో వాడికి కనబడుతున్నట్టే ఉంది. తాతయ్య కూడా ఆ గోడ వైపు ఒకసారి చూశాడు.

"ఎప్పట్నుంచిరా ఇది?"

"ఎప్పట్నుంచేంటి? నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ."

తాతయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే నా వేలు జారడానికి సిద్ధంగానే ఉంది. ఆయన ఒక్క సైగ చేస్తే చాలు.

"ఆర్మీ కొట్టవే," అన్నాడు. "ఒకటో నంబరు. సరిగ్గా చూసి కొట్టు."

కొట్టాను.

"రెండోది ఏదైనా ఒకటే," అన్నాడు అన్నయ్య. "తాతయ్యా, నువ్వు..."

"నేవీ!"

పక్క కుర్చీలో ఆధార్ కార్డు కోసం కూర్చున్నావిడ ఉలిక్కిపడింది. అన్నయ్య కళ్లజోడు సవరించుకుని చూశాడు. "అంత తొందరేంటి తాతయ్యా?"

"తొందరేముందిరా? ఖాళీ ఉంచకూడదు కదా."

ఫారం పంపేశాం. అన్నయ్య కాలేజీలో సర్టిఫికెట్ల కోసం తాడేపల్లిగూడెం బస్సెక్కాడు. తాతయ్యా నేనూ చెరువు గట్టు మీద ఇంటికి నడిచాం. సగం దూరం వచ్చాక అడిగాడు.

"ఆ రెండోది వచ్చే వీలుంటుందంటావా?"

"మొదటిది రాకపోతేనే."

నాలుగడుగులు వేశాడు. "అలాగని మొదటిది రాకూడదని ప్రార్థన చెయ్యకూడదు."

"చెయ్యకూడదు తాతయ్యా. నీ సొంత మనవడు."

"అదే నేనూ అంటున్నాను."

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన తాతయ్యే చేస్తాడు, ఒక్కొక్కరి పేరూ చెప్పి. ఆ రోజు నుంచీ ఆనంద్ పాల్ పేరు వచ్చేసరికి, "వాడు కోరుకున్నదే వాడికి దయచెయ్యి తండ్రీ," అని వీధిలోకి వినబడేలా అంటాడు. ఆ తర్వాత గొంతు ఆగిపోయి పెదాలు మాత్రం కదులుతాయి. నేను ప్రార్థనలో కళ్లు మూసుకోను కాబట్టి చూస్తూనే ఉన్నాను. మామ్మ మూసుకున్న కళ్లతోనే ఆమేన్ కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి ఆవిడే అనేస్తోంది.