నాటకంల ఏడిస్తే ఊరంత పిచ్చోడన్నది

మొన్న శనివారం సంది మా ఊర్ల నేను పిచ్చోన్నైన! నవ్వకుండ్రి. చాయ్ చల్లారితే మళ్ల పెట్టుకుందాం, ముందుగాల ఇనుండ్రి. నన్ను జూసి మా వాడకట్టు ఆడోళ్లందరు ఏడ్శిండ్రంట. నేనిక్కడ రియాద్‌ల మంచిగ అన్నం దిని, ఏసీలు రిపేర్ జేస్కుంట తిరుగుతున్న!

ఎట్లయిందంటే, మా కంపెనీల అకౌంట్స్ జూసే శ్రీనివాస్ గారున్నరు గద, గుంటూరాయన. తెలుగోళ్ల కార్యక్రమాలన్ని ఆయనే మీదేసుకుంటడు. ఓ దినం మా క్యాంపుకొచ్చిండు.

"మల్లేశం గారూ, మలాజ్‌లో హాల్ బుక్ చేశామండీ. మెంటల్ హెల్త్ మీద అవేర్‌నెస్ ప్రోగ్రాం. డాక్టర్ గారు వచ్చి మాట్లాడతారు. ముందు చిన్న స్కిట్ ఉంటే జనం కూర్చుంటారు కదా అని... కానీ పేషెంట్ రోల్‌కి ఒక్కరూ ఒప్పుకోవట్లేదండీ!"

ఎవడొప్పుకుంటడు? అసలే నితాఖాత్ లొల్లి నడుస్తాంది. సౌదోళ్లను సరిపోను పనిల పెట్టుకోలేదని మా కంపెనీ సర్కారు లిస్టుల ఎర్ర రంగుల వడ్డది. ఎర్ర రంగంటే మా ఇఖామాలు, గదే ఈడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. మీదికెళ్లి మనిషికింత అని సర్కారుకు కట్టే లెవీ ఒకటి. ఎవన్ని ఎగ్జిట్ గొట్టి ఇంటికి తోలుదామా అని ఆఫీసోళ్లు జూస్తున్నరు. గిసుంటి టైంల ఎవడన్న "నా మనసు బాగలేదు" అంటడా? పన్ను నొచ్చినా సప్పుడు జెయ్యకుంట డ్యూటీకి పోతున్నం.

మా రూంల ఉండే భూమేశ్ అయితే చేతులు జోడించిండు. "పిచ్చోని వేషమా? నాకొద్దు సారూ. రేపు నిజంగనే పిచ్చోడంటరు."

నేను మాత్రం ఎగేసుకోని పోయిన. "నేనేస్త సార్! ఊర్ల భాగోతంల వేషాలు గట్టినోన్ని" అన్న. కట్టింది కోతి వేషమే, దానికి మాటలు గూడ లేకుండె. గా ముచ్చట ఆయనకు చెప్పలే.

శుక్రవారం హాల్ నిండింది. బిర్యానీ ఉందని ముందే చెప్పిండ్రు మరి. స్కిట్ల నేను చెప్పేది శానా లేదు. "నిద్ర పడ్తలేదు, అన్నం సయిస్తలేదు, ఎవ్వలతోటి మాట్లాడబుద్ధైతలేదు" అనాలె, తల పట్టుకోవాలె, గంతే. పొద్దున రిహార్సల్ల గవే మాటలు చెప్తే అందరు నవ్విండ్రు.

స్టేజ్ ఎక్కి తల పట్టుకున్ననో లేదో, ఏమైందో నాకే ఎరుకలేదు. మా బిడ్డ యాదికొచ్చింది. ఫోన్ల "బాపూ, ఎప్పుడొస్తవ్" అంటే "గిదే వస్తున్న" అని ఎన్నిసార్లు చెప్పిన్నో! ఇఖామా లేకుంట సెలవు మీద ఎవడు పోనిస్తడు, ఏడికెళ్లి వస్త? శ్రీనివాస్ గారు రాసిచ్చిన డైలాగ్ మొత్తం మరిచిపోయిన. ఏదో నోటికొచ్చింది మాట్లాడిన. పొద్దున లేస్తే ఛాతి మీద ఎవడో కూసున్నట్టుంటదన్న. నవ్వుతున్న గని లోపట నవ్వొస్తలేదన్న. ఇగ ఏడుపు జూడుండ్రి, ఆగితే గద! ముక్కు గూడ కారింది. తుడ్సుకునేటందుకు రుమాల్ లేదు, స్టేజ్ పర్దా పట్టుకోని తుడ్సుకున్న!

తర్వాత చూస్కోండ్రి, హాలంత లేచి నిలవడి చప్పట్లు! డాక్టరమ్మ మైక్ తీస్కోని, "ఇతను చెప్పింది విన్నారు కదా? జ్వరం వస్తే దాచుకుంటామా? మనసుకు వచ్చిన జబ్బు కూడా అంతే. మందులున్నాయి, తగ్గుతుంది, సిగ్గుపడాల్సిన పనేం లేదు" అని ఎంత మంచిగ చెప్పిందో! నాకైతే భూమి మీద కాలు ఆనలే. కోతి వేషమోన్ని హీరోనైన అనుకున్న.

గని ఎవడో మహానుభావుడు ఫోన్ల వీడియో తీసిండు. తీస్తే తీసిండు, మొత్తం తియ్యొచ్చు గద! డాక్టరమ్మ లేదు, చప్పట్లు లేవు. నేను ఛాతి ముచ్చట చెప్పుకుంట, పర్దా పట్టుకోని ఏడ్శే ముక్క ఒక్కటే. గది మా ఊరి వాట్సప్ గ్రూపుల వడ్డది!

శనివారం పొద్దుగాల డాబా మీద ఏసీ యూనిట్ ఇప్పుతున్న. మా ఇంటామె సుజాత ఫోన్.

"ఏమైందయ్యా నీకు?" అని ఒక్కటే ఏడుపు.

"ఏం కాలే. అది నాటకం సుజాతా."

"నాకెందుకు దాస్తవ్? గా జబ్బు వచ్చినోళ్లు నాకేం కాలేదనే అంటరట. మా బాపు తాయత్తు కట్టిచ్చుకొస్తుండు. మన ఊరాయన వచ్చే వారం రియాద్ వస్తుండు గద, ఆయన తోటి పంపిస్త."

"తాయత్తెందుకే? పంపితే మామిడి తొక్కు పంపు!"

"సూడు, తిండి మీద గూడ ధ్యాస మారింది" అని ఇంకింత గట్టిగ ఏడ్శింది.

సాయంత్రం రూంకొస్తే ఇంకో లొల్లి. భూమేశ్ మంచం గోడకు జరుపుకున్నడు. ఉల్లిగడ్డలు గోసే కత్తి కనవడ్తలేదు. అడిగితే, "కత్తెందుకన్నా... నువ్వు... కూసో... నేను... గోస్త" అని సిన్న పోరగానికి చెప్పినట్టు ఒక్కొక్క మాట ఆపి ఆపి చెప్తుండు. అరేయ్, నిన్న హాల్ల ముందు వరుసల కూసోని చప్పట్లు గొట్టింది నువ్వే గదరా! "కొట్టిన గని, గంత ఏడుపు ఉత్తగనే వస్తదా అన్నా?" అన్నడు.

అసలు గండం మర్నాడు వచ్చింది. మా ఫోర్‌మన్ ఖాన్ భాయ్, పాకిస్తానాయన, మనసు మంచిదే గని గొంతు గట్టిది. నన్ను డాబా మీదికెళ్లి కిందికి పిలిచిండు. "మల్లేశ్, ఆజ్ సే ఊపర్ నహీ చఢ్‌నా" అన్నడు. ఎవడో వీడియో జూపించిండంట. ఏసీ మెకానిక్‌ను పైకి ఎక్కొద్దంటే ఇగ నాకేం పని? పనిలేనోన్ని ఎగ్జిట్ కొట్టుడు ఆఫీసోళ్లకు ఎంతసేపు?

"ఖాన్ భాయ్, వో డ్రామా థా! యాక్టింగ్!"

"అచ్ఛా? యాక్టింగ్ థా? తో అభీ రోకే దిఖావ్."

ఇప్పుడే ఏడ్శి జూపియ్యాలట! నౌకరి పొయ్యేటట్టుంది, ఏడుపు రావాలె గద? రాలే! కండ్లు గట్టిగ మూసిన, మూతి వంకర పెట్టిన, ముక్కు ఎగబీల్చిన. తుమ్ము వచ్చింది గని ఏడుపు రాలే. నా అవస్థ నాకే ఎట్లనో అనిపిచ్చి, నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఇంకా ఎక్కువైతాంది! ఎర్రటెండల ఒక్కన్నే పొట్ట పట్టుకోని పకపక నవ్వుతున్న. ఖాన్ భాయ్ ఎన్కకు ఎన్కకు నడుసుకుంట "యా అల్లా!" అన్నడు. ఇగ అనుమానమేమన్న ఉంటే గూడ తీరిపోయింది ఆయనకు!

శ్రీనివాస్ గారికి ఫోన్ జేసిన. "సూపర్ రెస్పాన్స్ మల్లేశం గారూ! అవేర్‌నెస్ బాగా స్ప్రెడ్ అయ్యింది!" అన్నడు.

"స్ప్రెడ్ అయింది సార్, మా ఊరి దాకా స్ప్రెడ్ అయింది! నా నౌకరి పోతాంది!"

పాపం, ఆయన పరుగెత్తుకొచ్చిండు. తెలుగు సంఘమోళ్లు తీసిన మొత్తం వీడియో ఖాన్ భాయ్‌కు జూపించిండు. డాక్టరమ్మ మాటలు గూడ మధ్య మధ్యల ఆపి ఉర్దూల చెప్పిండు. ఖాన్ భాయ్ నవ్వుతడనుకున్న. నవ్వలే. వీడియో మళ్ల మొదటి సంది పెట్టి జూసిండు. తర్వాత మెల్లగ, "యే డాక్టర్ ఉర్దూ మే బాత్ కరేగీ? హమారే లడ్కోం కే లియే భీ కరావ్ నా" అన్నడు. ఆయన పోరగాండ్లకు గూడ ఉర్దూల చెప్పియ్యాలట! నన్ను మళ్ల పైకి ఎక్కమన్నడు.

గదే వీడియో సుజాతకు పంపిన. రాత్రి ఫోన్ జేసి, "డాక్టరమ్మ మంచిగ చెప్పిందయ్యా. మా చిన్నమ్మకు గట్లనే ఉండె. మేమేమో గాలి సోకిందని తిప్పినం. ఇప్పుడన్న పట్నం తీస్కపోవాలె" అన్నది.

అయిపోయిందనుకున్న. గప్పుడే రాజలింగు వచ్చిండు.

రాజలింగంటే మా పక్క రూమాయన, టైల్స్ పని. ఎవ్వలతోటి ఎక్కువ మాట్లాడడు. శానా రోజుల సంది మెస్సుల గూడ కనవడ్తలేడు, మేమెవ్వలం పట్టించుకోలే. నేను బట్టలు ఆరేస్తుంటె పక్కకొచ్చి నిలవడ్డడు. చేతుల తడి అంగి. పిండుతుండు, పిండుతుండు... అండ్ల నీళ్లు ఎప్పుడో అయిపోయినయి.

"అన్నా, నీకు గా జబ్బు ఎప్పటి సంది?"

"అది నాటకం తమ్మీ" అనబోయిన. మొఖం జూసి ఆగిన.

"గా వీడియోల నువ్వు చెప్పినయన్ని నాయి జూసి చెప్పినట్టే ఉన్నయి. ఛాతి మీద ఎవడో కూసున్నట్టు... నాకొక్కనికే గట్లైతాందని ఎవ్వలకు చెప్పలే. నీకు గూడ ఉందని తెలిసినంక జెర ధైర్యమొచ్చింది."

ఇప్పుడేమనాలె? నాటకమంటే గీనె మళ్ల రూంలకు పోయి తలుపేసుకుంటడు. "శుక్రవారం డాక్టరమ్మ దగ్గరికి పోదాం" అన్న.

"నువ్వొస్తవా?"

"రాకుంటెట్ల? నేను గూడ చూపించుకోవాలె గద!" అన్న. ఉత్తుత్తదే. మనిషి కదిలితే సాలనుకున్న.

శుక్రవారం క్లినిక్‌ల ఇద్దరి పేర్లు రాయిచ్చిన. నా పేరు రాయియ్యకుంటె నమ్మడు గద! రాజలింగు లోపటికి పొయ్యిండు. బయటికొచ్చేసరికి కండ్లు ఎర్రగున్నయి గని మొఖం తేటగుంది. "మందులు రాసిందన్నా. తగ్గుతదట. ఇంటికి ఫోన్ జేసి మాట్లాడమన్నది" అన్నడు. అమ్మయ్య, ఇగ పోదాం అనుకున్న. గంతల "మల్లేశం!" అని నర్సు పిలిచింది. రాజలింగు, "పో అన్నా, భయపడకు, డాక్టరమ్మ మంచిది" అని నా భుజం తట్టిండు!

లోపటికి పోయి నిలవడే చెప్పిన. "మేడం, నాకేం లేదు. నేను గా నాటకం..."

"గుర్తుపట్టాను మల్లేశం గారూ. చాలా బాగా చేశారు. ఇంతకీ అంత ఏడుపు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు?"

"ఏడికెళ్లి అంటే... గది..." అని కుర్సీల కూసున్న. గంతే! బిడ్డ గురించి చెప్పిన, ఇఖామా గురించి చెప్పిన, పొద్దున లేస్తే గుండె దడదడ కొట్టుకునుడు చెప్పిన. ఖాన్ భాయ్ ఏడ్వమన్నా రాని ఏడుపు, ఆమె ఒక్క మాట అడిగితే నల్లా ఇప్పినట్టు వచ్చింది! టేబుల్ మీది టిష్యూ డబ్బా మొత్తం ఖాళీ జేసిన. ఆమె ఓపికగ ఇన్నది. ఆఖరికి నాక్కూడ మందుల చీటీ రాసింది.

బయటికొచ్చి జూస్తే రాజలింగు కుర్సీల కూసున్నకాడనే గుర్రు గొడ్తుండు! నిద్ర పడ్తలేదని వచ్చిన మనిషి! లేపబుద్ధి కాలే గని క్యాంపు బస్సుకు టైమైతాందని లేపిన. కండ్లు నులుముకుంట, "ఏమన్నదన్నా?" అన్నడు.

"నిన్నెప్పుడు రమ్మన్నది?" అన్న.

"నెల తర్వాత."

"నన్ను వచ్చే వారమే రమ్మన్నది."

నన్ను పైకెళ్లి కిందికి జూసి, మొదటిసారి నవ్విండు. నా సంచి తన చేతుల్లకు తీస్కోని, రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి గూడ వట్టుకున్నడు. "ఏం కాదన్నా, తగ్గుతది. వచ్చే వారం నేనొస్త తోడు" అన్నడు!