కిరసనాయిలు తుడిచిన అతుకు

బందరులో మా షెడ్డులో ఫైబర్ నడకదారులు చేసేవాళ్లం. రొయ్యల చెరువు మీద ఇనుము వేస్తే ఉప్పుగాలికి రెండేళ్లలో పెచ్చులు రాలిపోతుంది. ఫైబర్‌కి ఆ బాధ లేదు. కాకపోతే వెల్డింగ్ కుదరదు. దూలాన్ని దూలానికి కలపాలంటే బోల్టయినా బిగించాలి, గమ్మయినా పెట్టాలి. అక్కడ నేను సూపర్‌వైజర్‌ని. డిప్లొమా ఉంది, పొగరు అంతకంటే ఎక్కువ ఉంది.

చేరిన కొత్తలోనే ఆ పొగరుకి దెబ్బ తగిలింది. చల్లపల్లి నుంచి రోజూ బస్సులో ఒక పెద్దాయన వచ్చేవాడు. జీవితమంతా ఇనుము వెల్డింగ్ చేసి, కళ్లు పాడై, ఫైబర్ పనిలోకి మారాడు. షెడ్డంతా ఆయన్ని మావయ్యా అని పిలిచేది. నేను గుర్తు పెట్టిన బోల్టు కన్నాలు చూసి, అందరి ముందూ అన్నాడు: "బాబుగారూ, అంచుకి మరీ దగ్గర పెట్టారండీ. బరువు పడితే చీలిపోద్దండి."

చెప్పింది చెయ్యమన్నాను. చేశాడు. బరువు పెట్టగానే ఆయన అన్నట్టే కన్నం దగ్గర్నుంచి అంచు దాకా చీలింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదేమో. ఆ రోజు నుంచి పనివాళ్లు ఏ సందేహం వచ్చినా నన్ను దాటుకుని ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

కొన్నాళ్లకి నాగాయలంక వైపు ఒక చెరువుకి నడకదారి కావాలని ఆర్డరు వచ్చింది. మా షెడ్డు యజమాని బోల్టులు వద్దన్నాడు, అంతా గమ్ముతోనే అతకాలన్నాడు. ఆ పని మావయ్యకి అప్పగించాను. గమ్ము పట్టాలంటే ఫైబర్ మీది మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాలి, జిడ్డు తీసే ఎసిటోన్‌తో తుడవాలి, ఆపైన చేతి జిడ్డు కూడా తగలనివ్వకూడదు. అప్పటిదాకా బోల్టు పనే చేసిన ఆయనకి అదేమీ తెలియదు. నేర్పాల్సింది నేను, నేర్పలేదు. పాపం, తనకు తోచినంతలో బాగానే రుద్దాడు. చివర్న, ఇనుముకి ఇన్నేళ్లూ చేసినట్టే, కిరసనాయిలు గుడ్డతో అతుకు వేసే చోటంతా శ్రద్ధగా తుడిచాడు. తుడిచి తలెత్తి, సరేనా అన్నట్టు నా వైపు చూశాడు.

నేను తల ఊపాను.

గమ్ము ఎండాక అతుకు చూడముచ్చటగా ఉంది. మా షెడ్డులో ఒక పద్ధతుంది. నడకదారిని నడుమెత్తు దిమ్మల మీద పెట్టి, ఇసుక బస్తాలు పేర్చాక, అతికినవాడే ముందు ఎక్కి నడవాలి. యజమాని కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మావయ్య చెప్పులు విడిచి ఎక్కాడు. ఆయన పరువు పోతే చాలనుకున్నాను. పడితే ఏమవుతుందో ఆలోచించలేదని రాద్దామనుకున్నాను గానీ, అది అబద్ధం. ఆలోచించాను. నడుమెత్తే కదా అనుకున్నాను.

నాలుగో అడుగుకి అతుకు పొర ఊడినట్టు ఊడొచ్చింది. బస్తాలతో పాటు పడ్డాడు. ఒక మోకాలు బస్తా కింద నలిగింది.

యజమాని లేచొచ్చి ముందు దూలాన్ని చూశాడు. ఊడిన చోట వేలితో రాసి వాసన చూశాడు.

"కిరసనాయిలు! నువ్వు చెప్పలేదా ఈయనకి?" అని నన్నడిగాడు.

"రెండుసార్లు చెప్పానండీ," అన్నాను.

మావయ్య మోకాలు పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చూశాడు. నేను ఒక్క మాట కూడా చెప్పలేదని ఆయనకి తెలుసు. ఆయన్ని ఉంచాలా తీసెయ్యాలా అని యజమాని అడిగేది నన్నేనని కూడా తెలుసు.

"అవునండీ, చెప్పారండీ. నాకే బుర్రకెక్కలేదు," అన్నాడు.

"విన్నారుగా," అన్నాను యజమానితో. "ఇలాంటోళ్లతో నేను పని చేయించలేనండీ."