తడిగుడ్డలో వక్కాకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వక్కాకు సరిగ్గా మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకే అయిపోయేది. మా నాయన దర్జీ. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే మనిషి. తిన్నాక ఆకూ వక్కా నోట్లో పడకపోతే ఆయనకు తోచేది కాదు. ఇంటిపక్క అంగట్లో ఆకు మరీ కారమని మా మేనత్త వంక పెట్టేది. చేసేది లేక నాయన నా చెయ్యి పట్టుకుని పూతలపట్టు కూడలి దాకా నడిచేవాడు. పోను రాను అరగంట పైనే పట్టేది. మీ అత్తకు మతిమరుపని దారంతా విసుక్కునేవాడు. నేనూ అదే నిజమనుకున్నాను.

ఒకరోజు బియ్యం డబ్బా వెనక తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, పక్కనే వక్కల పొట్లం కనబడ్డాయి. ఏదో ఘనకార్యం చేసినట్టు ఎత్తుకెళ్లి నాయన చేతిలో పెట్టాను. ఆయన సంబరంగా ఆకు వేసుకుని మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు.

అత్త నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. ఎన్నడూ కసరని మనిషి, ఆరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎవురు తీమన్నారు మే నిన్ను? మీ తాత కాలు సక్కెర జబ్బుతోనే పోయింది. మీ నాయనకూ వస్తాదేమో, తిన్నాక నడిపించమని డాక్టరు సెప్పినాడు. ఊరికే నడువురా అంటే, పనీపాటా లేనోడినా నేను అంటాడు. అందుకే దాసిపెడతా ఉండా."

మరుసటిరోజు నుంచి ఆ అబద్ధానికి నేనూ తోడయ్యాను. ఆకు గుట్టు బయటపడింది కనుక, ఇక గుండీలూ దారమూ అయిపోవడం మొదలైంది.

కొన్నేళ్లకు అత్త పోయింది. నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. గుండీలకూ దారానికీ నాయన ఇంకా ఎండలో నడుస్తున్నాడని నాకు జాలి. జీతం చేతికి రాగానే ఆయనకొక మోపెడ్ కొనిచ్చాను. ఎంత మురిసిపోయాడో! పక్క వీధికి కూడా దానిమీదే వెళ్లేవాడు. అత్త మాట నాకు గుర్తు లేక కాదు, మనిషి గట్టిగానే ఉన్నాడు కదా అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను. తర్వాత జబ్బు రానే వచ్చింది. కాలి పుండు మానలేదు, పాదం తీసేశారు. మోపెడ్ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ అనలేదు. నాయన కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ కాలు చూసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

నిరుడు నా రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, "ఇన్సులిన్ మీ ఒంట్లో ఉందమ్మా, కండరాలే దాని మాట సరిగ్గా వినడం లేదు. నడిస్తే వింటాయి" అంది. మా అత్తకు ఇన్సులిన్ పేరైనా తెలియదు.

ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే నా కొడుకుతో వక్కాకు అయిపోయిందంటాను. మా ఇంట్లో ఆకు వేసుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి వాడికీ తెలుసు. నవ్వుకుంటూ చెప్పులేసుకుంటాడు. నేనూ వాడి వెంట నడుస్తాను. ఈ ఒక్క అబద్ధం మా నాయనకు ఇంకొన్నాళ్లు చెప్పి ఉండాల్సింది.