నోట్లో గుండుసూదులు

కుట్టుమిషన్ల గదిలో ఆమెను ‘అలాగే అక్క’ అంటారు. ఎవరు ఏ పని అంటగట్టినా వినకముందే ‘అలాగే’ అనేసే నోరు ఆమెది. కాదనడం ఒక్కసారిగా చేతకాదని, ముందు ఊరుకోవడం నేర్చుకుంది. యజమాని వస్తుంటే గుండుసూదులు పెదాల మధ్య బిగించేది. తర్వాత తలూపడం మానింది. ఆ తర్వాత నవ్వడం మానింది. “అక్కకి పొగరెక్కింది,” అన్నాడాయన. ఎక్కనీ అనుకుంది.

నిన్న సాయంత్రం మిషన్లు ఆపే వేళకి ఆయన చొక్కాల కట్ట తెచ్చి ఆమె ముందు పడేశాడు. “ఇవి కూడా కుట్టేసి వెళ్ళక్కా.” ఆమె సూదుల మధ్య నుంచే ఏదో అంది. “నోట్లో అవి పెట్టుకుని గొణిగితే ఎలా?” అన్నాడు. ఆమె ఒక్కో సూదీ తీసి మిషన్ మీది చిన్న సూదుల దిండుకి గుచ్చింది. “కుదరదు అన్నానండి.” ఆయన కట్ట తీసుకుని పక్క మిషన్ వైపు తిరిగాడు. అక్కడి ఆవిడ పెదాల మధ్య అప్పటికే గుండుసూదులు మెరుస్తున్నాయి.