గాజుబల్ల మీద తిరిగిన ఫోను

తణుకులో ఫోన్లు బాగుచేసే ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ ఫోనునైనా ముందు గాజుబల్ల మీద వెల్లకిలా పెట్టి, వేలికొసతో తిప్పేవాడు. లోపల బ్యాటరీ ఉబ్బి ఉంటే అది బొంగరంలా తిరుగుతుంది. నాది తిరిగింది.

"ఛార్జింగు పెట్టకండి, నొక్కకండి. ఇక్కడే వదిలెయ్యండి బాబుగారూ."

ఒకరు చెబితే వినే అలవాటు మా ఇంట లేదు. ఫోను తిరగేసి, పైకి లేచిన వెనక మూతను బొటనవేలితో గట్టిగా అదిమాను. లోపల బుస్సుమంది.

"అది పూరీ కాదండీ!" అని అరిచి, నన్ను భుజం పట్టి వీధిలోకి నెట్టాడు. ఫోను మీద బకెట్టెడు ఇసుక కుమ్మరించి తనూ బయటికి ఉరికాడు. ఇసుకలోంచి పొగ వస్తూనే ఉంది.

మా జమీందారీ భూములు పోయాక కూడా మా మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. తిట్టబోయాను. ఆయన నా బొటనవేలు పట్టుకుని తిప్పి చూశాడు.

"మీకేం తగల్లేదు కదండీ?" అన్నాడు.

లేదని చెప్పి, ఆయన అన్నట్టే ఫోను అక్కడే వదిలేసి వచ్చాను.