పడమటి గోడ

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి అవతలికి వెళ్ళిపోయే మనిషిని. ఇప్పుడూ అంతే. ఇది దయ్యం సంగతని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మాది పల్నాడులో మాచవరం దగ్గర పల్లె. నేను తాపీ మేస్త్రీని. ఎనభైల్లో హైదరాబాదులో టీవీ స్టూడియో కడుతుంటే నేనూ, మా ఆవిడ సామ్రాజ్యం పనికి వెళ్ళాం. అంతకుముందు ఆ టీవీ వాళ్ళు ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని, గదులకు దుప్పట్లు కట్టి నడిపేవారట. వీధిలో లారీ హారన్ కొడితే వార్తల్లో వినపడేదట. అందుకే కొత్త భవనానికి జంట గోడలు పెట్టించారు. రెండు గోడల మధ్య జానెడు ఖాళీ. పెద్ద హాలు, కిటికీ ఒక్కటీ లేదు.

"ఏందయ్యా ఇది, ఇంత కొంప కట్టి గాలాడే సందు కూడా పెట్టలా?" అని సామ్రాజ్యం నవ్వేది.

నేను గోడ కడితే తను తడిపేది. ఒకరోజు పడమటి గోడ దగ్గర పరంజా కర్ర జారి, సామ్రాజ్యం పైనుంచి పడిపోయింది. ఆసుపత్రి దాకా ప్రాణం నిలవలేదు.

మాకు పిల్లలు లేరు. ఊళ్ళో పెద్దకర్మ చేసి, మర్నాడే బస్సెక్కి మళ్ళీ పనిలోకి వచ్చాను. అందరూ రాయిలాంటి మనిషన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆకలి కూడా తెలిసేది కాదు. ఇటుక మీద ఇటుక పెట్టేవాణ్ణి.

నెలలు గడిచాయి. గోడలకు లోపల దూది పలకలు బిగించారు. వాటి మీద గుడ్డ కప్పారు. లోపల నిలబడి మాట్లాడితే మన మాట మనకే దూరంగా వినపడేది. కూలీలందరూ వెళ్ళిపోయారు. చిన్నాచితకా మరమ్మతులకు నన్నొక్కణ్ణే ఉంచారు.

ఆ రోజు మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన ఇంజనీరు హాలు మధ్యలో మైకు పెట్టి, తలుపు మూయించి, పైన అద్దాల గదిలో కూర్చుని పరీక్ష చేస్తున్నారు. నేను బయట గడపకు సిమెంటు పూస్తున్నాను. ఆయన మెట్లు దిగి వచ్చారు.

"మేస్త్రీ, లోపల ఎవరో ఆడమనిషి ఉంది. బయటికి పిలువు."

తలుపు తీశాం. లైట్లన్నీ వేశాం. హాల్లో మైకు తప్ప ఏమీ లేదు. ఆయన నన్ను పైకి తీసుకువెళ్ళి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. నాకు సన్నటి గుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తిరిగి ఆయన పెట్టుకున్నారు.

"ఇదిగో, మళ్ళీ అంటోంది. మాట మీ పల్నాడు వాళ్ళ మాటే. పడమటి గోడ తడిపావా లేదా అని అడుగుతోంది. కోపంగా కాదు, మామూలుగానే. ఎవరామె?"

"మా ఆవిడ సార్. బయట పనిలో ఉంది" అన్నాను.

అలా ఎందుకన్నానో తెలియదు. నోటికి అదే వచ్చింది.

కిందికి దిగి బకెట్లో నీళ్ళు పట్టుకుని భవనం వెనక్కి వెళ్ళాను. ఆ గోడ ఎప్పుడో గట్టిపడింది, రంగు కూడా వేశారు. అయినా మగ్గుతో పైదాకా కొట్టాను. ఎండకు నీళ్ళు అప్పటికప్పుడే ఆరిపోతున్నాయి. మళ్ళీ తెచ్చి కొట్టాను. వాచ్‌మన్ దూరం నుంచి చూశాడు.

సామ్రాజ్యం సంగతి ఇంజనీరుకు ఎవరైనా చెప్పారేమోనని తర్వాత విచారించాను. ఎవరూ చెప్పలేదు. ఆమె ఎక్కడ పడిందో వాచ్‌మన్‌కే తెలియదు, అతనూ కొత్తవాడే. బయటి మాట ఏదో లోపలికి దూరిందనుకుందామంటే, ఆ జంట గోడలు కట్టింది నేనే.

సాయంత్రం ఇంజనీరు ఇంటికి వెళుతూ నా దగ్గర ఆగారు. అప్పటికి నేను చేతులు కడుక్కుంటున్నాను.

"రేపు పెద్దాఫీసర్లు వస్తున్నారు మేస్త్రీ. మీ ఆవిణ్ణి కాసేపు మాట్లాడకుండా ఉండమని చెప్పు."

"చెప్తాను సార్" అన్నాను.

మర్నాడు పరీక్షలో ఏ గొంతూ రాలేదట. ఆ తర్వాత కూడా ఎవరూ విన్నట్టు నాకు తెలియదు. ఆయన ఏం విన్నారో ఈ రోజుకీ నాకు అంతుపట్టదు. కానీ ఆ ముందు రాత్రి నేను చెప్పాను. పడమటి గోడ దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పమన్నది చెప్పి వచ్చాను.